కథల కన్నా ముందు ఆగే చోట్లు చూసుకోవాలి

స్థానికులే తమ వీధుల చరిత్ర చెబుతూ జనాన్ని తిప్పే చరిత్ర నడకలకి మంచి కథలు తెలిస్తే చాలని ఒక వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. చాలా నడకలు చెడేది ఆగే చోట్ల దగ్గరే.

90 నిమిషాల నడకకి 2 కిలోమీటర్లు మించొద్దు. 7 చోట్ల, ఒక్కోచోట 5, 6 నిమిషాలు ఆగితే సరిపోతుంది. 12 పెట్టుకుంటే చివరి మూడింటికీ పరుగే. ఆగే చోట 20 మంది నిలబడగలగాలి, ఎవరి గుమ్మానికీ అడ్డం రాకూడదు. ఎండ చెప్పేవారి ముఖం మీద పడాలి, వినేవాళ్ల కళ్లలో కాదు. ఆఖరి మనిషి వచ్చి చేరాకే మాట మొదలుపెట్టాలి. అందుకే వెనకాల ఒకరు అందర్నీ కలుపుకుంటూ రావాలి, రోడ్డు దాటేటప్పుడు మరీ ముఖ్యం.

నడక వారంలో ఏ రోజున, ఏ వేళకో, దారి ముందస్తు పరిశీలన కూడా అలాంటి రోజునే, అదే వేళకి చేయండి. ఆదివారం పొద్దున నిశ్శబ్దంగా ఉన్న వీధిలో పనిరోజు సాయంత్రం గొంతు వినపడదు.

నగరాల గురించి రాసిన రచయిత్రి జేన్ జేకబ్స్ జ్ఞాపకార్థం 2007లో కెనడాలోని టొరంటోలో మొదలైన ఉచిత నడకల పద్ధతి నాకు చాలా ఇష్టం. అక్కడ నడక అంటే నడుస్తూ సాగే సంభాషణ. మీరూ ప్రతి రెండో మజిలీలో ఆ వీధివాళ్లకి 3 నిమిషాలు ఇవ్వండి. ఏం చెప్పొచ్చో, ఫొటోలు తీయొచ్చో లేదో ముందురోజే అడగండి. వాళ్లు చెప్పింది జ్ఞాపకంగానే చెప్పండి. సంవత్సరం మాత్రం శిలాఫలకం మీదో, రికార్డులోనో చూశాకే పలకండి.