గొలుసు లింకుకు వేలాడుతున్న తాగునీరు

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు గోడకు ఏమీ కాలేదు. ఏడు దశాబ్దాల నాటి రాతికట్టడం చెక్కుచెదరలేదు. తెగింది గేటు గొలుసులోని ఒక లింకు. 60 అడుగుల వెడల్పు, 20 అడుగుల ఎత్తున్న గేటు మీద, నీరు అంచుదాకా ఉన్నప్పుడు పడే ఒత్తిడి దాదాపు 340 టన్నులు. ఖాళీ అయిన చోట దింపడానికి ముందుగా చేయించి పెట్టుకున్న స్టాప్‌లాగ్, అంటే గేటు బదులు నీటిని ఆపే తాత్కాలిక ఇనుప పలక, లేదు. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు వంటి అనుభవజ్ఞుడు ముందుండి, అప్పటికప్పుడు తయారుచేయించిన ఇనుప పలకలను పారే నీటిలోనే దింపించేసరికి వారం పట్టింది. ఈలోగా పదుల టీఎంసీలు కిందికి పోయాయి.

డ్యాం భద్రత అనగానే మనవాళ్ల చూపు గోడలో పగుళ్ల మీదికి పోతుంది. మన అనుభవం మాత్రం గేట్ల వైపు చూపుతోంది. 2021 ఆగస్టులో పులిచింతల 16వ గేటు ఊడిపోయింది. అది పాత ప్రాజెక్టు కూడా కాదు. ఒంగోలుకు తాగునీరిచ్చే గుండ్లకమ్మలో 2022 ఆగస్టులో ఒక గేటు, 2023 డిసెంబరులో మరొకటి పోయాయి. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగిపోయిన రోజు, అయిదు గేట్లలో ఒకటి పైకి లేవలేదు. వరద ఎక్కువే, కాదనలేం. కానీ మట్టికట్ట మీదుగా నీరు పొర్లిందంటే దాన్ని నిలబెట్టేది ఏదీ ఉండదు. కాబట్టి ఆ గేటు కూడా లెక్కలోకి రావాల్సిందే.

గేటు చెడిపోవడం ఒక్కరోజులో జరగదు. గొలుసు లింకు, పిన్ను కలిసే సందులో తడి చేరి లోలోపలే తుప్పు తింటుంది. పైన రంగు మెరుస్తూనే ఉంటుంది. అందుకే రంగు వేయడాన్ని నిర్వహణ కింద రాసుకునే అలవాటు ప్రమాదకరం. లింకులు విప్పి, పిన్ను మందం కొలిచి, పగుళ్లకు అల్ట్రాసోనిక్ పరీక్ష చేయాలి. రెండు పొడవాటి చేతుల సాయంతో ఇరుసు మీద తిరుగుతూ లేచే వంపు గేట్లను రేడియల్ గేట్లంటారు. వాటిలో అసలు కీలకం ఆ ఇరుసు. గ్రీజు అందక అది తుప్పుపడితే రాపిడి పెరుగుతుంది, ఆ భారం గేటు చేతుల మీద పడి అవి వంగుతాయి. అమెరికాలోని ఫోల్సమ్ డ్యాంలో 1995 జులైలో మూడో గేటు సరిగ్గా ఇలాగే, తెరుస్తుండగా విరిగిపోయింది. దాన్ని ముందే పసిగట్టే ఉపాయం ఖరీదైనదేమీ కాదు. గేటు ఎత్తేటప్పుడు మోటారు ఎన్ని ఆంపియర్లు లాగుతోందో ఏటా అదే నీటిమట్టం దగ్గర రాసిపెట్టుకోవాలి. నిరుటి కంటే అంకె పెరిగిందా, ఎక్కడో పట్టేస్తోందని అర్థం. ఆ పుస్తకం ఎన్ని డ్యాంల దగ్గర ఉందో అడిగి చూడండి.

వానలకు ముందు గేట్లు ఎత్తి చూశామని అధికారులు చెబుతుంటారు. నీళ్లు సిల్లుకు, అంటే మూసినప్పుడు గేటు ఆనే అడుగు గట్టుకు, దిగువన ఉన్నప్పుడు ఏ గేటైనా లేస్తుంది. నీటి భారం మీద కొన్ని అంగుళాలైనా కదిలించి చూడాలి. కరెంటు పోయినప్పుడు జనరేటర్ మీద, ఆ తరువాత చేత్తో తిప్పి కూడా చూడాలి. పెద్ద తుపానులో మొదట పోయేది కరెంటే. చేత్తో తిప్పాలంటే మనుషులు కావాలి. రిటైరైన లష్కర్లు, ఫిట్టర్ల స్థానంలో పొరుగు సేవల కింద తెచ్చిన కుర్రాళ్లకు ఏ గేటు ఎక్కడ పట్టేస్తుందో ఎవరు నేర్పారు?

తాగునీటి జలాశయాలకు అదనపు చిక్కు ఒకటుంది. సాగునీటి చెరువును వేసవిలో ఎండగట్టి మరమ్మతు చేసుకోవచ్చు. ఊరికి నీళ్లిచ్చే దాన్ని ఎండగట్టడం కుదరదు. కాబట్టి గేటు ముందు నీటిని ఆపే స్టాప్‌లాగ్‌లు, వాటిని దింపే క్రేను, కింద సిల్లులో పూడిక లేని గాడులు తప్పనిసరి. ఇవి మూడూ ఉన్నచోట ఒక్కో గేటును వంతులవారీగా విప్పి రబ్బరు సీళ్లు, గేటును ఎత్తే ఇనుప రోపులు మార్చుకోవచ్చు. ఒక్కటి లేకపోయినా మరమ్మతు వాయిదా పడుతుంది. వాయిదాలతోనే ఏళ్లు గడుస్తాయి.

గోడను, కట్టను పట్టించుకోవద్దని కాదు. రాతి, కాంక్రీటు డ్యాంల గోడ లోపలి సొరంగ మార్గంలో (గ్యాలరీ) ఊటనీటిని బయటికి తెచ్చే డ్రెయిన్ రంధ్రాలు సున్నం పేరుకుని మూసుకుపోతుంటాయి. ఊట తగ్గిందని అప్పుడు సంబరపడకూడదు. బయటికి రాని నీరు పునాది కింద ఒత్తిడిగా మారి గోడను పైకెత్తేందుకు చూస్తుంది. మట్టికట్టకైతే దిగువన వచ్చే ఊటను వీనాచ్ (నీటి ప్రవాహాన్ని కొలిచే V ఆకారపు గాడి) దగ్గర కొలవాలి, రంగు చూడాలి. తేటగా వస్తే గమనిస్తూ ఉండొచ్చు. బురదగా వస్తే కట్ట లోపలి మట్టి కొట్టుకొస్తున్నట్టే. ఆ రోజే మట్టం దించాలి.

ఇవన్నీ చేయించడానికి చట్టం ఉంది. 2021 డిసెంబరు 30న అమల్లోకి వచ్చిన ఆనకట్టల భద్రత చట్టం ప్రకారం వానలకు ముందు, తరువాత తనిఖీ జరగాలి. అయిదేళ్లలోగా స్వతంత్ర నిపుణులతో సమగ్ర మదింపు పూర్తి కావాలి, అత్యవసర కార్యాచరణ ప్రణాళిక సిద్ధం కావాలి. అంటే గడువు 2026 డిసెంబరు 30. ఇక్కడ మా డిమాండు చిన్నది. తనిఖీ నివేదికలను ఫైళ్లలో పెట్టుకోకుండా డ్యాం వారీగా, గేటు వారీగా జలవనరుల శాఖలు బయటపెట్టాలి: ఏ గేటు ఎప్పుడు భారం మీద ఎత్తారు, ఏ రోపు ఎప్పుడు మార్చారు, స్టాప్‌లాగ్ ఉందా లేదా, గేట్లకు విడిగా ఎంత నిధి కేటాయించారు, అందులో ఎంత ఖర్చయింది. దిగువన ఉన్న గ్రామాల పంచాయతీ కార్యాలయాల గోడల మీద ఆ పట్టిక అతికిస్తే, వచ్చే వానాకాలానికి అడిగేవాళ్లు పుట్టుకొస్తారు.