కుక్క పేపర్లకు ఒక ముక్కుసూటి ఉత్తరం

అనంతపురం,
మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు. కరెంటు లేదు.

మహారాజశ్రీ పెడిగ్రీ సర్టిఫికెట్ గారి సముఖమునకు,

తమరు మా బీరువా రెండో అరలో, ఇంటి దస్తావేజులకు పైన, మా ఆవిడ పట్టుచీరలకు కింద క్షేమంగా ఉన్నారు. లామినేషన్ చేయించాను కాబట్టి చెదల భయం కూడా లేదు. తమరి తాలూకు కుక్క మాత్రం అంత క్షేమంగా లేదు. బాత్‌రూమ్ గచ్చుకు పొట్ట ఆనించి, నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకు చాపి గుర్రుగుర్రుమంటున్నాడు. నిద్రపోతున్నాడనుకునేరు. కళ్లు తెరిచే ఉన్నాయి. వాడి ఊపిరే అంత.

నేను రెవెన్యూ ఆఫీసులో గుమాస్తాను. కులం, నేటివిటీ, ఆదాయం, ఫ్యామిలీ మెంబర్ అంటూ రోజంతా సర్టిఫికెట్ల మధ్యే బతుకుతాను. అందుకే కాగితమంటే నాకు గౌరవం ఎంతో, అనుమానం కూడా అంతే. కానీ మీలాంటి కాగితాన్ని నా సర్వీసులో చూడలేదు. మా నాయన పేరు నాకు తెలుసు, జేజినాయన పేరు తెలుసు. ఆయన నాయన పేరేమిటని అడిగితే మా చిన్నాయన కాసేపు ఆకాశం చూసి, "ఓబులేసో, ఓబన్నో" అన్నాడు. మీలో చూస్తే మా బుడ్డోడికి మూడు తరాలు, మొత్తం 14 మంది పేర్లు, కొందరికి ముందు ‘ఛాంపియన్’ బిరుదులతో సహా ఉన్నాయి. వాడి సొంత పేరే ఒకటిన్నర లైను. మేం బుడ్డోడు అంటాం. అలా పిలిస్తేనే వస్తాడు.

మా పెద్దలు ఇలాంటివాటిని సీమకుక్కలు అనేవాళ్లు. సీమచింత, సీమవంకాయ, సీమ ఆవు అన్నట్టే. అది సముద్రాల అవతలి సీమ. ఆ సీమకుక్కను తెచ్చి ఈ సీమలో, అదీ అనంతపురంలో, మూడో అంతస్తు రేకుల షెడ్డు పక్కన పెట్టాం. పేరు కలిసింది కదా, వాతావరణం కూడా కలుస్తుందిలే అనుకున్నామేమో.

తప్పు నాదే. 2003లో హచ్ ఫోన్ ప్రకటనలో ఒక పిల్లవాడి వెనకాలే పగ్ అనే చప్పిడిముక్కు జాతి కుక్క నడుస్తుంటే, డిగ్రీ చదువుతున్న నేను నోరు తెరుచుకుని చూశాను. ఇరవై ఏళ్లయ్యాక ఆ మోజు నా కొడుకు నోట మళ్లీ పలికింది. బెంగళూరు వెళ్లాం. అమ్మేవాడు పిల్లను నా ఒళ్లో పెట్టి, "పేపర్లు లేకుండా 12 వేలు, పేపర్లతో 22 వేలు సార్" అన్నాడు. రెండూ ఒకే కుక్కా అంటే ఒకే కుక్క అన్నాడు. అంటే కుక్క 12 వేలు, తమరు 10 వేలు. ప్రభుత్వోద్యోగిని కాబట్టి ఒకే ఒక ప్రశ్న అడిగాను, స్టాంపు ఉంటుందా అని. ఉంటుందన్నాడు. తీసుకున్నాను.

మొదటి వేసవిలోనే పశువుల డాక్టరు దగ్గరికి పరుగెత్తాల్సి వచ్చింది. ఆయన బుడ్డోడి మొహం నా వైపు తిప్పి, "రంధ్రాలు చూడండి" అన్నాడు. ముక్కురంధ్రాలు ఉండాల్సిన చోట రెండు కామాలు ఉన్నాయి. తరం తర్వాత తరం పుర్రెను కుదించుకుంటూ వచ్చారట గానీ, లోపలి మెత్తటి అంగిలి ఆ లెక్కన కుదించుకుపోలేదట. ఇల్లు చిన్నదైంది, సామాను తగ్గలేదు. ఆ మిగులు కండ గొంతుకు అడ్డం పడి గుర్రుమంటుంది. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పి రొప్పి ఒంటి వేడిని బయటికి పంపాలి. గాలి పోయే దారే సందుగొందిగా మారితే 42 డిగ్రీల ఎండలో అదెలా రొప్పుతుంది? చలికాలంలో ఆ రంధ్రాలు కాస్త కోసి వెడల్పు చేద్దాం, అప్పటిదాకా తడిబట్ట, ఫ్యాను అన్నాడు డాక్టరు. ఫ్యాను సంగతి మా కరెంటువాళ్లతో మాట్లాడుకోవాలి.

పగ్ పుట్టుకతోనే ఇంత అని నన్ను నమ్మించబోకండి. 1745లో హోగార్త్ అనే ఇంగ్లీషు చిత్రకారుడు తన బొమ్మ తాను గీసుకుంటూ పక్కనే తన పగ్‌నూ గీశాడు. దానికి మూతి ఉంది. కాస్త పొట్టిదే అయినా, పెట్టిన ముద్దను నోటితో అందుకునేంత ఉంది. మా బుడ్డోడు అన్నం తినడు, అన్నంలో మొహం ముంచుతాడు. ఆ తర్వాత మడతల్లో ఇరుక్కున్న మెతుకుల్ని నేను దూదితో తీయాలి. తీయకపోతే పుండు పడుతుంది.

పోయిన ఉగాదికి మా చిన్నాయన వచ్చాడు. కళ్యాణదుర్గం పక్కన పల్లెలో గొర్రెల మంద ఉంది ఆయనకు. కర్ర గోడకు ఆనించి, గొంతుక్కూర్చుని బుడ్డోణ్ణి చాలాసేపు చూశాడు.

"ఏమప్పా, దీనికి యాక్సిడెంట్ అయిందా?"

"లేదు చిన్నాయనా, జాతే అంత."

"గొర్రెపిల్ల ఇట్లా పుడితే మేం దాని మీద ఆశ ఇడిసేస్తాం. మీరు రేటు కట్టి తెచ్చుకుంటిరా?"

నాకు రోషం వచ్చి, మిమ్మల్ని బీరువాలోంచి తీసి ఆయన చేతికిచ్చాను. ఇంగ్లీషు రాదు కాబట్టి మర్యాదగా తిప్పి వెనకవైపు చూశాడు. అక్కడేం లేదు.

"దీని తల్లికి పాలు బాగుండెనా? రాసినారా?"

"లేదు."

"ఎండకు ఆగుతాండెనా?"

"అదీ లేదు."

"ఎంత దూరం నడుస్తాండె?"

"…"

"మరి ఇంత కాగితంలో ఏం రాసినారప్పా?"

"పేర్లు. ఆ, రంగు కూడా ఉంది."

ఆయన మిమ్మల్ని జాగ్రత్తగా టీపాయ్ మీద పెట్టి, చేతులు పంచెకు తుడుచుకున్నాడు.

చిన్నాయన మందకు పొట్టేలును ఎంచడం నా చిన్నప్పుడు చాలాసార్లు చూశాను. పిల్లను చూసే ముందు తల్లిని చూస్తాడు. రెండు పిల్లలు వేస్తే రెంటినీ సాకిందా, ఎండల్లో పొదుగు ఎండిందా అని. తర్వాత కాళ్లు, గిట్టలు, పళ్లు. పిల్లను వెనక్కి తిప్పి వృషణాలు రెండూ సమంగా దిగాయో లేదో చేత్తో తడిమి చూస్తాడు. మిగతా పరీక్షంతా ఎండకు వదిలేస్తాడు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే అదే గొప్ప అనుకునే జిల్లాలో, పొద్దంతా నడిచి, దొరికిన పరకా ఆకూ తిని, చీకటి పడేలోగా తన కాళ్ల మీద దొడ్డి చేరినదే ఆయన ఛాంపియన్. మన నెల్లూరు గొర్రె దేశంలోకెల్లా పొడుగైన గొర్రెల్లో ఒకటిగా నిలిచిందంటే ఇలాంటి చూపుల వల్లే. రెండేళ్లు తిరక్కుండానే ఆ పొట్టేలును పక్కూరి మందకిచ్చి వాళ్లది తెచ్చుకుంటాడు. ఎందుకంటే, "కూతుళ్ల మీదికి పోతాది" అంటాడు. ఇలాగని ఆయన్ను శాస్త్రవేత్తను చేయబోవడం లేదు. ఎర్రగొర్రెలంటే ఆయనకూ పిచ్చే, రంగు నచ్చక ఒక మంచి నల్లపొట్టేలును సంతకు తోలేశాడు. అయితే ఆ పిచ్చి ఏ గొర్రె ముక్కునూ మూయలేదు.

ఆ ‘కూతుళ్ల’ మాట దగ్గర కొంచెం ఆగండి. మా వైపు మేనరికాలు మామూలే. మా అక్క కూతుర్ని నాకు చేద్దామని ఒకప్పుడు ఇంట్లో మాట వస్తే, తెలిసిన డాక్టరొకాయన కాగితం మీద లెక్క వేసి చూపించాడు. ఒకే పూర్వీకుడి జన్యువు అటునుంచీ ఇటునుంచీ వచ్చి బిడ్డలో జంటగా కలిసే అవకాశం బావామరదళ్ల సంతానంలో 6.25 శాతం. మేనమామా మేనకోడలూ అయితే 12.5. తండ్రీకూతుళ్లయినా, ఒకే తల్లీతండ్రుల అన్నాచెల్లెళ్లయినా 25. దాక్కున్న జబ్బులన్నీ ఆ జంటల్లోనే బయటపడతాయి. ఆ సంబంధం అక్కడితో ఆగింది. మనుషులకైతే ఇంత భయం. మీ లోకంలో దీనికే ‘లైన్ బ్రీడింగ్’ అని పేరు, అదేదో రైల్వే లైనులాగా. జాతికుక్కల పేర్లు రిజిస్టరు చేసే కెన్నెల్ క్లబ్ లండన్‌లో 1873లో పుట్టింది. తండ్రీకూతుళ్లకూ, తోబుట్టువులకూ పుట్టిన పిల్లల్ని రిజిస్టరు చేయబోమని అది చెప్పింది 2009లో. మా చిన్నాయన ముక్క అర్థం కావడానికి 136 ఏళ్లు పట్టింది. అప్పటికి జరగాల్సింది జరిగిపోయింది. బ్రిటన్‌లోని దాదాపు 10 వేల పగ్‌ల జన్యువులన్నీ కలిపి చూస్తే 50 కుక్కల పాటి వైవిధ్యమే ఉందని 2008లో లెక్క తేల్చారు. పదివేల గడపలున్న ఊళ్లో అందరూ ఓ యాభై మందే అన్నమాట. ఆ ఊళ్లో సంబంధాలెలా చూస్తారో ఊహించుకోండి.

మేలుజాతి వల్ల మేలే లేదంటే నా కళ్లు పోతాయి. మా నాయన ఆవుకు సూది వేయించి పుట్టించిన సీమ పెయ్య పెద్దదై పూటకు ఆరేసి లీటర్లు ఇచ్చింది. నా డిగ్రీ ఫీజు దాని పొదుగులోంచే వచ్చింది. మన ఒంగోలు గిత్తలు బ్రెజిల్‌కు పోయి ‘నెలోర్’ అనే పేరుతో ఆ దేశపు పశువుల్లో సింహభాగమయ్యాయి. ఎండకు ఆగే ఒళ్లు, పురుగుల్ని తట్టుకునే చర్మం, ఇలా పనికొచ్చే గుణం కోసం ఎంచితే అంత దూరం పోతుంది. అయితే అక్కడా మీ బంధువుల పుస్తకంలో ఒక పేజీ ఉంది, చదివి వినిపిస్తా. 1962లో అమెరికాలో ‘చీఫ్’ అని పిలిచే ఒక కోడెదూడ పుట్టింది, హోల్‌స్టీన్ అనే పాడిజాతిది. పెద్దయ్యాక దాని వీర్యానికి 16 వేల కూతుళ్లు. పాలు ఏరులై పారాయి. ఆ రక్తంలోనే ఒక పాడు జన్యువు కూడా పారింది. అది రెండు వైపుల నుంచీ కలిస్తే దూడ కడుపులోనే పోతుంది. 35 ఏళ్లలో అలా పోయినవి 5 లక్షలకు పైనే అని తర్వాత తేలింది. నష్టం 42 కోట్ల డాలర్లు, పెరిగిన పాల వల్ల లాభం 3,000 కోట్ల డాలర్లు. లెక్క చూస్తే లాభమే. ఆ లెక్కల కింద ఆవుల చేత ఎవరూ వేలిముద్ర వేయించలేదు.

రక్తం కల్తీ అవుతుందని మీకు మహా బెంగ. మచ్చల డాల్మేషియన్లకు జాతి మొత్తానికీ మూత్రంలో రాళ్లు తెచ్చే దోషం ఉంటే, 1973లో ఒకాయన పాయింటర్ జాతి కుక్కతో ఒక్కసారి కలిపి ఆ దోషం లేని పిల్లల్ని పుట్టించాడు. తర్వాత తరాలన్నీ మళ్లీ డాల్మేషియన్లతోనే. అమెరికా కెన్నెల్ క్లబ్ వాటిని పూర్తిగా ఒప్పుకోవడానికి 2011 దాకా పట్టింది. ఒక్క ముత్తాత పరాయివాడని 38 ఏళ్లు ఫైలు ఆపారు. మా ఆఫీసులో కూడా అంత ఆపం.

అసలు ఈ ఉత్తరం రాయడానికి కారణం నిన్న వచ్చిన ఫోను. కర్నూలు నుంచి ఎవరో. "మీ పగ్‌కు పేపర్లున్నాయంట కదన్నా, క్రాసింగ్‌కి ఇస్తారా? పిల్లల్లో ఒకటి మీకే."

"మీదాని ముక్కు ఎలా ఉంది?" అన్నాను.

"ఫుల్ ఫ్లాట్ అన్నా!" ఎంత సంబరమో ఆ గొంతులో.

వాట్సాప్‌లో ఆ ఆడకుక్క పేపర్లు పంపాడు. మిమ్మల్ని పక్కన పెట్టుకుని ఇద్దరినీ చదివాను. తండ్రి గడిలో ఒకటే పేరు, అదే ఛాంపియన్. తల్లులు వేరు. పుట్టబోయే పిల్లలకు లెక్క కడితే 12.5 శాతం, మా అక్క కూతురి సంబంధంతో సరిసమానం. రెండు కాగితాల మీదా స్టాంపులు చక్కగా ఉన్నాయి. తమరు కిక్కురుమనలేదు. అన్నాచెల్లెళ్లు అవుతారన్నా అని నేనంటే, "పేపర్లు కరెక్టే కదన్నా?" అన్నాడాయన. కరెక్టే అన్నాను. ఇవ్వనని కూడా అన్నాను.

ఇంక బాత్‌రూమ్‌లోకి పోవాలి. గురక పెద్దదవుతోంది. తడిబట్ట ఆరిపోయింది, విసనకర్రను పోయినేడు బుడ్డోడే నమిలేశాడు. అందుకే తమరిని బీరువాలోంచి బయటికి తీశాను, అపార్థం చేసుకోకండి. లామినేషన్ వల్ల తమరు అట్టలా గట్టిగా ఉన్నారు, గాలి బాగా వస్తోంది. ఆ రెండు కామాల ముందు ఊపుతుంటే వాడు కళ్లు మూసుకున్నాడు.

కరెంటు రాగానే మళ్లీ పట్టుచీరల కింద పెట్టేస్తాను.

ఇట్లు,
తమరికి 10 వేలు చెల్లించిన
ఒక గుమాస్తా