గైడ్ వదిలేయమంటే వదిలేయండి

పోయిన జూన్‌లో కెనడాలోని విన్నిపెగ్ నుంచి ఐదుగురం తెలుగువాళ్ళం వాయవ్య ఆంటారియోలో ఒక ఫ్లై-ఇన్ లాడ్జికి, అంటే చిన్న విమానంలోనే చేరుకోగల బసకు, వాలై అనే మంచినీటి చేపల వేటకు వెళ్ళొచ్చాం. ఫొటోలు చూసిన దగ్గర్నుంచి చాలామంది లాడ్జి పేరు, ఖర్చు అడుగుతున్నారు. అంతకంటే ముందు చెప్పాల్సింది ఒకటి ఉంది. అది చెప్పకుండా నాకు పేరు ఇవ్వబుద్ధి కావడం లేదు.

రెడ్ లేక్ దాకా ఆరు గంటల డ్రైవింగ్. హైవే అక్కడితో అయిపోతుంది. రేవు దగ్గర సామానంతా తూకం వేసి, నీళ్ళ మీద తేలే చిన్న విమానం ఎక్కించారు. కింద అడవి, సరస్సు, మళ్ళీ అడవి, మళ్ళీ సరస్సు. అలాంటి చోట మనకు తెలిసినవాడంటూ ఒక్కడే ఉంటాడు. గైడ్.

మా గైడ్ అక్కడి ఆదివాసులైన అనిషినాబే మనిషి, అరవై దాటినాయన. వాలైని వాళ్ళ భాషలో 'ఒగా' అంటారు. పడవలో నీళ్ళ అడుగున ఏముందో చూపే సోనార్ తెర ఉంది కానీ ఆయన చూపు ఎక్కువగా గాలి మీదే ఉండేది. నీళ్ళు అద్దంలా నిలిస్తే ఆయనకు నచ్చదు. వాలై కంటి వెనక పిల్లి కంటికి ఉన్నట్టే మెరిసే పొర ఉంటుంది. మసక వెలుతురులో దానికి బాగా కనిపిస్తుంది, ఎండ పడదు. అందుకే అలలు లేచి వెలుతురు చెదిరినప్పుడు, లేదా పొద్దు వాలాక వేటకు వస్తుంది. జిగ్‌కి, అంటే బరువు తల ఉన్న గాలానికి, జలగను గుచ్చి అడుగుకు తాకేలా వదలడం ఆయనే నేర్పించారు. గాలాన్ని లాగుతుందేమో అని చూస్తూ కూర్చుంటే లాభం లేదు, ఉన్నట్టుండి దారం కాస్త బరువెక్కినట్టు ఉంటుంది, అంతే.

రెండో రోజు మధ్యాహ్నం లోతైన గుంట ఒకటి దొరికింది. వేసిన గాలం వేసినట్టే పడుతోంది. నాలుగు చేపలు కాగానే ఆయన మోటారు తిప్పేశారు. మావాళ్ళకు కోపం వచ్చింది. ముప్పై అడుగుల కంటే లోతు నుంచి పైకి లాగిన చేప పొట్టలోని గాలితిత్తి ఉబ్బిపోతుందట. మనం వదిలిపెట్టినా అది మళ్ళీ కిందికి దిగలేక చచ్చిపోవచ్చు. 'వదిలేశాం కదా' అన్న తృప్తి మనకు మిగులుతుంది, చేప మాత్రం మిగలదు. ఇది ఆయన చెప్పేదాకా మాలో ఒక్కరికీ తెలియదు.

అసలు గొడవ మూడో రోజు. మా ఫ్రెండ్‌కి డెబ్బై ఒక్క సెంటీమీటర్ల వాలై పడింది. గైడ్ కొలిచి, ఫొటో తీయించి, "ఇక దీన్ని వదిలేద్దాం" అన్నారు. వీడు వినలేదు. మా దగ్గర ఉన్నది కన్జర్వేషన్ లైసెన్సు, అంటే తక్కువ చేపలే ఉంచుకోనిచ్చేది. దాని మీద అక్కడ మనిషికి రెండు వాలైలు, అందులో 46 సెంటీమీటర్లు దాటింది ఒక్కటి ఉంచుకోవచ్చు. "చట్టమే ఒప్పుకుంటుంటే నీకేంటి" అన్నాడు. ఆయన తల అడ్డంగా ఊపారు. అప్పుడు వీడు పర్సు తీశాడు. ఆయన ఆ డబ్బు వైపు చూడలేదు, చేప వైపే చూస్తూ కూర్చున్నారు. ఆ రెండు నిమిషాలు గుర్తొస్తే ఇప్పటికీ నాకు తల ఎత్తబుద్ధి కాదు. నేను కూడా వెంటనే నోరు తెరవలేదు, అది నా తప్పు. చివరికి చేపను వదిలారు, కానీ వీడు సాయంత్రం దాకా ముఖం మాడ్చుకునే ఉన్నాడు.

చట్టం ఒప్పుకుంటుంది, నిజమే. కానీ అంత పెద్ద వాలై దాదాపు ఎప్పుడూ ఆడదే. అంత చల్లటి నీళ్ళలో చేప ఏటా కొంచెం కొంచెమే పెరుగుతుంది. ఆ సైజుకు రావడానికి పదేళ్ళు దాటుతుంది. ప్రతి వసంతంలో మంచు కరగ్గానే లక్షల్లో గుడ్లు పెడుతుంది. తినడానికి చిన్నవే రుచి కూడా. మధ్యాహ్నం ఒడ్డున పుల్లలు పేర్చి, ఇనప పెనం మీద పంది కొవ్వులో ఆయన వేయించిపెట్టినవన్నీ నలభై సెంటీమీటర్ల లోపువే. అంత కమ్మటి చేప నేను ఈ దేశంలో తినలేదు.

మాది ధవళేశ్వరం దిగువన. పుస్తెలమ్మైనా పులస తినాలి అని గొప్పగా చెప్పుకునే ఊళ్ళు మావి. గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి ఏటికి ఎదురొచ్చే చేపను, జనతో సహా వండుకుని పండగ చేసుకున్నాం. ఇప్పుడు ఒక్క పులస దొరికితే వేలల్లో వేలం పాడుతున్నారు, అది వార్త అవుతోంది. ఆ ఒడ్డు నుంచి వచ్చిన నేనే ఆ పడవలో నోరు మూసుకుని కూర్చున్నానంటే నాకు బాధగా ఉండదా?

ఇంకో సంగతి ఉంది. దీని గురించి మన గ్రూపుల్లో ఎవరూ మాట్లాడగా నేను చూడలేదు. మేం వెళ్ళిన చోటికి దక్షిణంగా డ్రైడెన్ అనే ఊరుంది. అక్కడి కాగితం మిల్లుకు అనుబంధంగా ఉన్న రసాయనాల ప్లాంటు 1962 నుంచి 1970 వరకు తొమ్మిది టన్నులకు పైగా పాదరసాన్ని వాబిగూన్ నదిలోకి వదిలింది. అది నీళ్ళ అడుగున మిథైల్ మెర్క్యూరీ అనే విషంగా మారి, చిన్న చేపల నుంచి వాటిని తినే పెద్ద చేపల్లోకి చేరింది. వాలై ఆ వరసలో పైన ఉంటుంది. దిగువన గ్రాసీ నారోస్, వాబసీమూంగ్ అనే అనిషినాబే ఊళ్ళున్నాయి. అప్పట్లో అక్కడివాళ్ళకు చేపలు పట్టి అమ్మడం, లాడ్జిల్లో గైడ్లుగా చేయడమే బతుకు. వచ్చిన టూరిస్టు వారం తిని వెళ్ళిపోయేవాడు. గైడ్ మాత్రం వేసవంతా ప్రతి మధ్యాహ్నం ఒడ్డున అదే చేప తిన్నాడు, ఇంటికెళ్ళి మళ్ళీ అదే తిన్నాడు.

1970లో పాదరసం సంగతి బయటపడ్డాక అక్కడ చేపల వ్యాపారం ఆపేశారు. బాల్ లేక్ లాడ్జి యజమాని బార్నీ లామ్ తన లాడ్జినే మూసేశాడు. ప్రభుత్వం మాత్రం తినకుండా 'సరదాకి పట్టండి' అని బోర్డులు పెట్టింది. 1975లో జపాన్ నుంచి డాక్టర్ మసజుమి హరాడా వచ్చి, పాదరసం కలిసిన చేపలు తిని జనం జబ్బుపడ్డ మినమాటా అనే జపాన్ ఊళ్ళో తాను చూసిన లక్షణాలే ఇక్కడివాళ్ళలోనూ చూశాడు. నదిని శుభ్రం చేయడానికి 8.5 కోట్ల డాలర్లు ఇస్తామని ఆంటారియో ప్రభుత్వం మాటిచ్చింది 2017లో! ఆ ఊళ్ళవాళ్ళు న్యాయం కోసం ఇంకా ఆంటారియో రాజధాని టొరంటో వచ్చి వీధుల్లో నడవాల్సి వస్తోంది.

అలాంటి నేల మీద ఒక అనిషినాబే గైడ్ 'ఈ చేపను వదిలేద్దాం' అంటే, ఆయన ముందు పర్సు తీయడానికి మనకు చేతులెలా వస్తాయి? పాదరసం ఎక్కువగా చేరేది కూడా వయసు మీరిన ఆ పెద్ద చేపల్లోనే. ఏ సరస్సులో ఏ సైజు చేప నెలకు ఎన్నిసార్లు తినొచ్చో ఆంటారియో ప్రభుత్వమే పట్టికలు ఇస్తుంది. వెళ్ళేముందు తెరిచి చూడండి, మరీ ముఖ్యంగా పిల్లలు, గర్భిణులు ఉన్న ఇళ్ళవాళ్ళు.

'ఇంత డబ్బు పోశాం, కూలర్ నిండా తెచ్చుకోకపోతే ఎలా' అనే మాట నేను పదిసార్లైనా విన్నాను. మనం డబ్బిచ్చింది విమానానికి, గదికి, భోజనానికి, ఆయన తోడుకు. సరస్సును ఎవరూ మనకు అమ్మలేదు.

ఈ జూన్‌కి మళ్ళీ వెళ్తున్నాను, అదే గైడ్ కావాలని అడిగి బుక్ చేశాను. వస్తామన్నవాళ్ళకు ముందే చెప్పాను, పెద్ద కూలర్లు తేవద్దు, పడవలో ఆయన మాటే చివరిది అని. ఇద్దరు మానేశారు. రెండు సీట్లు ఖాళీగా ఉన్నాయి.