కొమ్ముల హ్యాండిలూ, రోడ్డు మీది వడ్లూ

నల్లగొండ గడియారం సెంటరు దగ్గరి చాయ దుకాణంలో నెల రోజులుగా ఒక మహాసభ ఎడతెగక సాగుతున్నది. మా మేనల్లుని ఫిక్స్‌డ్ గేర్ సైకిలుకు, అంటే పెడళ్లు ఎప్పుడూ వెనుక చక్రంతోపాటే తిరిగే సైకిలుకు, 38 సెంటీమీటర్ల వెడల్పు హ్యాండిల్ తగునా, 40 సెంటీమీటర్లది తగునా అన్నదే అందులోని ఏకైక ఎజెండా. ఆ రెండు సెంటీమీటర్ల నడుమనే వేగమంతా దాగి ఉన్నదని సభ్యులు ఏకగ్రీవంగా నమ్ముతున్నారు.

ఇందులో శాస్త్రాన్ని తప్పుపట్టలేము. వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగింతలవుతుంది, దాన్ని చీల్చుకొని పోవడానికి కావలసిన శక్తి ఎనిమిదింతలవుతుంది. ఆ నిరోధంలో అధికభాగం సైకిలుది కాదు, తొక్కేవాని దేహానిది. కనుక చేతులు దగ్గరకు చేరి వీపు వంగితే లాభమే. అయితే సభ ముగిసేసరికి ఒక్కొక్కరు ఆరగించే ఉస్మానియా బిస్కెట్లు ఆ దేహానికి ఏ దిక్కున ఎన్ని సెంటీమీటర్లు చేరుస్తున్నాయో కొలిచే ఉపసంఘాన్ని మాత్రం ఇంతవరకు ఎవరూ ప్రతిపాదించలేదు.

కొలత తేలడానికి మావాడు టైలరు దగ్గరికి పోయి భుజాల వెడల్పు తీయించుకొన్నాడు. టైలరు టేపు మెడలో వేసుకొంటూ "షేర్వానీయా, సూటా?" అని అడిగితే "హ్యాండిల్" అని గంభీరంగా బదులిచ్చాడట. ఆ తరువాత రకాల విచారణ మొదలైంది. నిటారుగా కూర్చోబెట్టే రైజరు ముసలివాళ్లదని తోసిపుచ్చారు. కిందికి వంగిన డ్రాప్ హ్యాండిల్‌కు నడుము సహకరించలేదు. చివరకు ముందుకు పొడుచుకొచ్చిన కొమ్ముల హ్యాండిల్ ఖాయమైంది. అంగట్లో ఎద్దును కొనే రైతు కూడా కొమ్ములు చూసి మురిసిపోతాడు గాని, పైసలిచ్చే ముందు నాలుగడుగులు నడిపించి చూస్తాడు.

గేరు సంగతి త్వరగానే తేలింది. ముందు 48 పళ్లు, వెనుక 16. పెడల్ ఒక్కసారి తిరిగితే చక్రం మూడుసార్లు తిరిగి సైకిలు ఆరు మీటర్లకు పైగా సాగుతుంది, నిమిషానికి తొంభై చుట్లు తొక్కితే గంటకు ముప్పైనాలుగు కిలోమీటర్ల దాకా పోతుంది. చక్రం సరిగ్గా మూడు చుట్లే తిరుగుతుంది కనుక, ఒకే కాలు ముందుంచి చక్రాన్ని జారించి ఆపుతూ పోతే ప్రతిసారీ టైరు అదే చోట అరుగుతుందనీ, వెనుక 17 పళ్లు వేస్తే ఆ అరుగుదల పదిహేడు చోట్లకు పంచబడుతుందనీ నేను మనవి చేశాను. "ఆలోచిద్దాం మామా" అన్నాడు.

కొత్త హ్యాండిల్ మీద తీగ వేలాడితే అందం చెడుతుందని అదే రోజు ఉన్న ఒక్క ముందు బ్రేకునూ ఊడదీశాడు.

ఇక పానగల్లు వైపు జరిగిన ప్రథమ యాత్రను వర్ణిస్తాను. యాసంగి కోతల కాలం. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి అంచున రాళ్లు పేర్చారు. ఒక పెద్దమ్మ కాళ్లతో వడ్లను తిరగేస్తూ నడుస్తున్నది. మావాడు కొమ్ములు పట్టుకొని, గాలికి గౌరవమిచ్చి తల వంచి వస్తున్నాడు. తల వంచినవానికి రోడ్డు కనిపించదన్న విషయం సభలో చర్చకు రాలేదు. ఫ్రీవీల్ లేని బండి కనుక చక్రం తిరిగినంతసేపు పెడళ్లు కాళ్లను తిప్పుతూనే ఉంటాయి. ఆపుదామని బిగబట్టిన కాళ్లను అవి ఎత్తిపడేశాయి. రాళ్లు దాటి, వడ్లలో నాగలిచాలు వంటి గీత గీసి, చివరి కుప్పలో కొమ్ములు దిగేదాకా ఆయన ప్రయాణించాడు. పెద్దమ్మ పక్కకు దుంకి, "బిర్రేకు లేదా బిడ్డా?" అని మాత్రమే అడిగింది.

ఇంటికొచ్చి వాడు స్కాట్లాండు సైకిలు వీరుడు గ్రేమ్ ఓబ్రీ పేరు తీశాడు. 1993లో వాషింగ్ మెషీన్ బేరింగు వాడిన స్వయంకృత సైకిలు మీద, చేతులు ఛాతీ కింద ముడిచి, గంటలో 51.596 కిలోమీటర్లు తొక్కిన మొనగాడు. నిజమే. కాని ఆయన తొక్కింది వెలోడ్రోమ్‌లోరా, సైకిలు పందేలకని కట్టిన చుట్టుబాట మీద! అక్కడ అందరూ ఒకే దిక్కుకు పోతారు, ఎవడూ అర్ధాంతరంగా ఆగడు, అందుకే బ్రేకులుండవు. అక్కడ వడ్లు ఎండబోసే తల్లులు లేరు. ఆగబోయినప్పుడు బరువంతా ముందుకు వాలుతుంది, వెనుక చక్రం పట్టు సడలుతుంది, గట్టిగా ఆపగలిగేది ముందు బ్రేకే. ఇది తెలిసి కూడా ఒక తీగ అందం కోసం దాన్ని పీకి, నాలుగు నెలల కష్టాన్ని కాళ్లతో ఆరబెట్టుకొంటున్న మనిషి మీదికి తోలినవాణ్ణి ఏమనాలి? ఆమె రెండడుగులు ఆలస్యంగా జరిగి ఉంటే ఏ హ్యాండిల్ కొలత చెప్పుకొని ఆ ఇంటి ముందు నిలబడేవాడివి?

మరునాడు సైకిలు దుకాణంలో నేనే పైసలిచ్చి ముందు బ్రేకు వేయించాను. సాయంత్రం సభ మళ్లీ కూడింది. బ్రేకు తీగ నలుపుదైతే బాగుంటుందా, ఎరుపుదైతే బాగుంటుందా అని ఇంకా తేలలేదు.