ఉచిత వేగం: ఒక ప్రమాద హెచ్చరిక

ఇంట్లో కంప్యూటర్ నెమ్మదిస్తే ఏం చేయాలో మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్, రిఫ్రెష్. మళ్లీ రైట్ క్లిక్, మళ్లీ రిఫ్రెష్. తరతరాల ఆచారం కాకపోయినా తాతల కాలం నాటి నిష్ఠతో చేస్తున్నాం. ఈమధ్య ఇంజనీరింగ్ కుర్రాళ్లు కొందరు దీని మీద పడ్డారు. రిఫ్రెష్ కొడితే తెర మీది ఐకాన్లు మళ్లీ కనబడటమే తప్ప ర్యామ్, అంటే నడుస్తున్న పనులకి వాడే మెమరీ, ఖాళీ అవదట. ఇలాంటివాళ్లుండబట్టే వానలు పడటం లేదు.

పోనీ, వీళ్ల వైద్యమేమిటి? కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో స్టార్టప్ యాప్స్ అని ఓ జాబితా. కంప్యూటర్ ఆన్ చేయగానే పిలవకుండానే లేచి కూర్చునేవాళ్లంతా అక్కడుంటారు. మా ఇంటి జాబితాలో, ఎప్పుడో పాత సామాన్లవాడికి తూకానికేసిన ప్రింటర్ తాలూకు సాఫ్ట్‌వేర్ ఇంకా రోజూ డ్యూటీకి వస్తోంది. పిల్లాడు ఆడటం మానేసిన గేమ్ ఒకటి. ఉన్న యాంటీవైరస్‌కి తోడుగా వేసిన రెండో యాంటీవైరస్ ఒకటి. వీటిని డిసేబుల్ చేసేస్తే సరిపోతుందట! ఇన్నేళ్లు నమ్ముకునున్నవాళ్లని ఒక్క క్లిక్కుతో వెళ్లగొట్టడం ఏం సంస్కారం?

షట్‌డౌన్ మీద వేసిన అభాండం ఇంకా ఘోరం. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచీ ఫాస్ట్ స్టార్టప్ అనేదొకటుందట. అది ఆన్‌లో ఉంటే మనం షట్‌డౌన్ కొట్టినా విండోస్‌కి గుండెకాయలాంటి కెర్నెల్‌ని డిస్కులో దాచిపెట్టి, పొద్దున్నే దాన్నే తీసి వాడుతుందట. అంటే మనం రోజూ తింటున్నది చద్దన్నమే. తాజాగా కావాలంటే రీస్టార్ట్ కొట్టాలి.

ఎస్‌ఎస్‌డీ అనే కొత్తరకం డిస్కుకి పాతకాలపు డీఫ్రాగ్, అంటే చెల్లాచెదురైన ఫైళ్ల ముక్కల్ని ఒకచోట సర్దడం, అక్కర్లేదనీ, టెంపరరీ ఫైళ్లని సెట్టింగ్స్‌లోని స్టోరేజ్‌లోనే తుడిచేయొచ్చనీ, వేగం పెంచుతామని ఊరించే పీసీ బూస్టర్ సాఫ్ట్‌వేర్లకి దూరం నుంచే దణ్ణం పెట్టాలనీ ఇంకా ఏవేవో చెబుతారు. పైగా దేనికీ పైసా ఖర్చు లేదు. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆగిపోయిందన్న వార్త పట్టుకుని, కొత్త ల్యాప్‌టాప్ కోసం ఇంట్లో నెలల తరబడి వాతావరణం తయారుచేశాను. "ఇది ఆన్ అయ్యేలోపు పప్పు ఉడికిపోతోందండీ" అని మా ఆవిడ చేతే అనిపించాను. సరిగ్గా అప్పుడే పండక్కొచ్చిన మేనల్లుడు ఆ జాబితా తెరిచాడు. "మీవాడు బంగారమండీ, ఇప్పుడిది చక్కగా పనిచేస్తోందిగా" అంటూ ఆవిడ ల్యాప్‌టాప్ డబ్బులు వాషింగ్ మెషీన్‌కి మళ్లించేసింది.

ప్రభుత్వం వెంటనే జోక్యం చేసుకోవాలి.