పచ్చదనం సెల్లార్ ప్లాన్‌లోనే తేలిపోతుంది

పాత ఇంటిని పడగొట్టి అపార్ట్‌మెంట్ కట్టించాలని తోబుట్టువులంతా కూర్చున్నప్పుడు, చర్చ సాధారణంగా ఎవరికి ఎన్ని ఫ్లాట్లు, ఏ అంతస్తులో అన్న చోటే ముగుస్తుంది. పచ్చదనం సంగతి బిల్డర్ చూపించే రంగుల బొమ్మకు వదిలేస్తారు. ఆ బొమ్మలో ప్రతి బాల్కనీ నుంచీ తీగలు వేలాడుతుంటాయి; ఒక్క ఎండుటాకు కూడా కనిపించదు. నన్నడిగితే, దాన్ని పక్కన పెట్టి ముందు సెల్లార్ ప్లాన్ తెప్పించుకోవాలి.

పార్కింగ్ కోసం ప్రహరీ నుంచి ప్రహరీ దాకా తవ్వేస్తే, స్థలమంతా శ్లాబు కిందికి పోతుంది, వాన నీరు ఇంకే దారి మూసుకుపోతుంది, పెరటి చెట్టు కథ అక్కడితో ముగుస్తుంది. నీటినీ పోషకాలనూ పీల్చే సన్నని వేళ్లలో అధిక భాగం పైపొర మట్టిలోనే, తరచుగా కొమ్మల అంచును కూడా దాటి పరుచుకుని ఉంటాయి. కాబట్టి కాండాన్ని తాకకుండా తవ్వినంత మాత్రాన చెట్టును కాపాడినట్టు కాదు. తవ్వకం దూరంగా జరిగినా, చెట్టు కింద ఇసుక, ఇనుము కుప్పపోసి లారీలు తిప్పితే మట్టి గట్టిపడి వేళ్లకు గాలి అందదు. చెట్టు వెంటనే పడిపోదు, నాలుగైదేళ్లలో నెమ్మదిగా ఎండుతుంది. అప్పటికి బిల్డర్ మరో స్థలంలో ఉంటాడు.

పోయిన చెట్టుకు బదులు టెర్రస్ మీద పెంచుతామంటారు. లెక్క చూద్దాం. తడిసిన మట్టి ఘనపు మీటరు బరువు సుమారు 1,600 నుంచి 2,000 కిలోలు. నివాస గదుల శ్లాబును సాధారణంగా చదరపు మీటరుకు 200 కిలోల వినియోగ భారానికి, అంటే మనుషులూ సామాన్ల బరువుకు, డిజైన్ చేస్తారు. అంటే మీటరు లోతు మట్టి పోయాలన్న నిర్ణయం పునాదులు, పిల్లర్లు లెక్కగట్టే రోజే జరగాలి. గృహప్రవేశం తర్వాత తోచే ఆలోచనగా అది పనికిరాదు.

ఇటలీలోని మిలాన్‌లో 2014లో పూర్తయిన బోస్కో వెర్టికాలె అనే రెండు నివాస టవర్ల బాల్కనీల్లో సుమారు 800 చెట్లు నిలబడ్డాయంటే, వాటిని గాలి సొరంగంలో పరీక్షించడం, వేళ్లను కదలకుండా బిగించడంతో పాటు, నిర్వహణను ఫ్లాట్ యజమానుల ఇష్టానికి వదలకుండా ఉమ్మడిగా చేయించడం కూడా కారణం. చైనాలోని చెంగ్డూలో ఇలాంటి బాల్కనీ వనాల సముదాయంలో మొక్కలు అదుపు తప్పి పెరిగాయి. దోమల బెడదతో చాలా ఫ్లాట్లు ఖాళీగా ఉన్నాయని 2020లో వార్తలు వచ్చాయి.

అందుకే ఒప్పందంలో ఫ్లాట్ల వాటాలతో పాటు మూడు విషయాలు రాయించుకోవాలి: సెల్లార్ తవ్వని నేల ఎంత, ఎటువైపు, టెర్రస్ ఎంత మట్టి బరువుకు డిజైన్ అయింది, మొక్కల ఖర్చు నెలవారీ నిర్వహణలో ఎవరి మీద పడుతుంది. కొందరు తోబుట్టువులు ఈ తవ్వని నేలను రెండు కార్ల స్థలం పోగొట్టుకోవడంగా లెక్కవేస్తారు, ఆ లెక్క తప్పని కూడా అనలేం. ఒప్పుకున్నాక మాత్రం ఆ నేల చుట్టూ గట్టి కంచె, ఇల్లు పడగొట్టే యంత్రం గేటు దాటక ముందే, పడాలి.