లబ్ధిదారులు: ఒకరు

సాఫ్ట్‌వేర్ సంస్థ పెట్టి, దానిని పెంచి, మంచి ధర పలికినప్పుడు అమ్మివేసి, యాభయ్యో ఏడు రాకముందే దానధర్మాల మీదికి మనసు మళ్లించుకుని విజయనగరం జిల్లాలోని సొంత మండలానికి వేంచేసే మహానుభావులకు మన పత్రికలు తగినంత చోటు ఇవ్వడం లేదని నాకు చాలాకాలంగా మనస్తాపంగా ఉంది. ఆ లోటు తీర్చడానికి అటువంటి దాతను ఒకరిని ఊహించుకుని ఈ వ్యాసం రాస్తున్నాను. ఆయన కల్పిత వ్యక్తి కనుక ఎవరూ భుజాలు తడుముకోనక్కరలేదు.

దాతృత్వానికి మన దేశంలో చట్టం దన్ను కూడా ఉంది. 2013 నాటి కంపెనీల చట్టం 135వ సెక్షను ప్రకారం నికర విలువ 500 కోట్ల రూపాయలో, టర్నోవరు 1,000 కోట్లో, నికర లాభం 5 కోట్లో ఉన్న కంపెనీ, గడచిన మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతాన్ని సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. మిగిలిన 98 శాతానికి ఏ బాధ్యతా లేదని చట్టం ఎక్కడా అనలేదు గాని, చాలామంది అలాగే చదువుకున్నారు. కర్ణుడు కవచకుండలాలు కోసి ఇచ్చేముందు మూడేళ్ల సగటు తీయించుకోలేదు. ఆయనకు చివరికి పట్టిన గతి అందరికీ తెలిసిందే.

మన దాత అంత అజాగ్రత్త మనిషి కారు. ఆయన ఫౌండేషను నుంచి రూపాయి కదలాలంటే ముందుగా ఒక దరఖాస్తు నింపాలి. లబ్ధిదారులు ఎందరు, తలకు ఖర్చు ఎంత, మూడేళ్లలో పది జిల్లాలకు విస్తరించగలరా, ఫలితం డ్యాష్‌బోర్డు మీద ఏ రంగులో కనిపిస్తుంది అన్నవి అందులో ముఖ్యమైన ప్రశ్నలు. ఇంత శాస్త్రీయమైన పద్ధతి పూర్వం లేకపోవడం వల్ల ఎంత అనర్థం జరిగిందో గ్రహించాలంటే, విజయనగరంలోనే జరిగిన ఒక దానాన్ని ఈ దరఖాస్తులో పెట్టి చూడాలి.

1919లో విజయరామ గజపతిరాజు గారు పట్టణంలో సంగీత కళాశాల స్థాపించారు. సంస్థానంలో పనిచేసే ఒక ఉద్యోగికి చూపులేని కొడుకు ఉన్నాడని, ఆ పిల్లవాడికి సంగీతం నేర్పించాలన్న కోరిక రాజుగారి చెవిన పడిందని, కళాశాల పుట్టుకకు అదే కారణమని ఊళ్లో ఈనాటికీ చెప్పుకుంటారు. దరఖాస్తు మొదటి గడిలోనే ఆశ్చర్యం కలుగుతుంది. లబ్ధిదారులు: ఒకరు. తలకు ఖర్చు: ఒక కళాశాల. విస్తరణ గడి మరీ కష్టం, ఎందుకంటే తొలి ప్రిన్సిపాలుగా నియమితులైనవారు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు. ఒక్క జిల్లాకే సరిపడని ఆ మనిషిని పది జిల్లాలకు నకళ్లు తీయడం ఏ ఇంజనీరు తరం? ద్వారం వెంకటస్వామినాయుడు గారు అక్కడికి విద్యార్థిగా చేరడానికి వస్తే, ఆయన వయొలిన్ విని అధ్యాపకుడిగా నియమించారని కూడా అంటారు. నియామక నిబంధనలు తెలిసిన ఏ కమిటీ అయినా ఆ పేజీ దగ్గరే కళ్లజోడు తీసి బల్ల మీద పెడుతుంది. తరువాత ఎన్నో ఏళ్లకు ఘంటసాల, సుశీల అక్కడ చదువుకుని వెళ్లిన మాట నిజమే గాని, ఎప్పటికో వచ్చే ఫలితాన్ని మూడేళ్ల నివేదికలో ఏ పేజీలో చూపుతారు? దరఖాస్తు తిరస్కరించడమైనది.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. రాజుగారి సొమ్ము ఆకాశం నుంచి రాలిందేమీ కాదు, రైతులు కట్టిన శిస్తు. దాత సొమ్ము పుట్టుపూర్వోత్తరాలు తవ్వడం మొదలుపెడితే మనమందరం ఇబ్బందిలో పడతాము. అత్యవసర వైద్యానికి మనం పిలిచే 108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైంది. దానిని నెలకొల్పినవారు సత్యం కంప్యూటర్స్ అధిపతి. 2009 జనవరి 7న తన కంపెనీ లెక్కలు తప్పుడువని ఆయనే లేఖ రాశారు. అంబులెన్సు ఎక్కిన రోగి మాత్రం ఆ లెక్కలు అడగలేదు. శృంగవరపుకోట కొండల మీది గిరిజన గూడేలలో ఈ సమస్య అసలే లేదు, ఎందుకంటే రోడ్డు లేని చోటికి 108 రాదు. గర్భిణిని డోలీలో మోసుకుని రోడ్డు దాకా తెస్తే అక్కడి నుంచి సాంకేతిక యుగం మొదలవుతుంది.

అజీమ్ ప్రేమ్‌జీ గారి సంగతి నాకు బొత్తిగా అర్థం కాదు. 2019లో సుమారు 52,750 కోట్ల రూపాయల విలువగల 34 శాతం విప్రో షేర్ల ఆదాయాన్ని ఫౌండేషనుకు ధారపోసి, ఆ సొమ్ముతో సర్కారు బడి పంతుళ్ల పక్కన ఏళ్ల తరబడి కూర్చోవడం ఏమి వ్యూహం?

మన దాత ప్రతినిధి ఆ పొరపాటు చేయలేదు. కొండ కింది బడికి వెళ్లి, ఏమి కావాలో నిస్సంకోచంగా చెప్పమన్నాడు. ప్రధానోపాధ్యాయుడు ఆలోచించకుండా చెప్పాడు.

"గూడెం నుంచి పిల్లలు ముగ్గురు వస్తారు బాబూ. కొండ దిగడం వాళ్లే దిగుతారు. కింద నుంచి ఆటో ఛార్జీ ఇప్పిస్తే చాలు, వర్షాకాలంలో కూడా మానరు."

"ముగ్గురేనా మాస్టారూ?"

"ఉన్నది ముగ్గురే బాబూ."

ఫౌండేషను ఆ కోరికను కొట్టిపారేయలేదు. నిపుణులు కూర్చుని దానికి విద్యార్థి చలనశీలతా వేదిక అని పేరు పెట్టి, యాప్ తయారుచేయించారు. పిల్లవాడు ఆటో ఎక్కగానే ఫోనులో నమోదు చేసుకుంటే, ఛార్జీ నెలాఖరున ఖాతాలో పడుతుంది.

"పిల్లల దగ్గర ఫోన్లు లేవండి," అన్నాడు మాస్టారు.

"ఫోన్లు రెండో దశలో ఉన్నాయి మాస్టారూ," అన్నాడు ప్రతినిధి.

మొదటి దశ ప్రారంభోత్సవం విజయనగరంలోని ఒక హోటలులో జరిగింది. లబ్ధిదారులు వేదిక మీద ఉండాలి కనుక ముగ్గురినీ ఉదయం తొమ్మిది గంటలకల్లా తీసుకురావలసిందని మాస్టారికి వర్తమానం వచ్చింది. ఆటో ఖర్చు ఆయనే పెట్టుకున్నాడు.